చిన్నాయన దిండు కింద నీలం

మా చిన్నాయనకు మోకాళ్లు వంగవు. మర్రిగూడ దిక్కున అరవై ఏళ్లు ఫ్లోరైడ్ నిండిన బోరు నీళ్లు తాగిన మనిషికి వంగితేనే వింత. కానీ నల్లగొండలో ఒక జాతకాలాయన పంచాంగం తిప్పి అసలు జబ్బు పట్టేశాడు. ఏలినాటి శని. దానికి విరుగుడు ఐదు క్యారెట్ల నీలం, వెండి ఉంగరంలో, కుడిచేతి నడిమి వేలికి. ఐదు క్యారెట్లంటే ఒక గ్రాము. ఆ గ్రాము కోసం చిన్నాయన పాడి బర్రెను అమ్మాడు.

శనిగారి వ్యాపారం ఎంత నికరమో చూడండి. సూర్యుణ్ని చుట్టి రావడానికి ఆయనకు దాదాపు 29.5 ఏళ్లు, అంటే రాశికి రెండున్నరేళ్లు. ఏలినాటి కింద మూడు రాశులు, అర్ధాష్టమం కింద ఒకటి, అష్టమం కింద ఇంకొకటి. ఏ రోజు లెక్కేసినా 12 రాశుల్లో 5 రాశులవాళ్లు ఆయనకు బాకీ. ఎరువుల దుకాణానికి కూడా ఇంత గిరాకీ ఉండదు.

పైగా నీలానికి ట్రయల్ ఉంది. మూడు రాత్రులు దిండు కింద పెట్టుకోవాలి, పడకపోతే వాపసు. మొదటి రాత్రి చిన్నాయనకు కన్ను మూతపడలేదు, రాయిని ఎవరన్నా ఎత్తుకపోతారని. పొద్దున్నే ఫోన్ చేస్తే, "నిన్ను మేల్కొలుపుతున్నది, మంచిదే" అన్నాడు జాతకాలాయన. రెండో రోజు బోరు మోటరు కాలింది. "నీ ప్రాణం మీదికి రావాల్సింది మోటరు మీద పోయింది" అన్నాడు. మూడో రాత్రి కలలో అమ్మిన బర్రె వచ్చి అరిచింది. బర్రె నలుపు కాబట్టి శని శాంతించినట్టేనట.

"మరి ఆ బర్రె మన కొట్టంలనే ఉంటే శాంతించకపోవునా?" అంది చిన్నమ్మ. ఆమెది ఏ రాశో ఎవరూ అడగలేదు.

ఇంతకీ ఇంద్రనీలమంటే కురువిందం, అంటే అల్యూమినియం ఆక్సైడ్. అందులో ఇసుమంత ఇనుము, టైటానియం చేరితే నీలం. క్రోమియం చేరితే కెంపు. రవికి కెంపు, శనికి నీలం అంటారు. తండ్రీకొడుకులకు పడదంటారు గానీ, రాయి మాత్రం ఇద్దరిదీ ఒకటే! 1881 ప్రాంతంలో కాశ్మీరులో కొండచరియ విరిగి మేలిజాతి నీలాలు బయటపడ్డాయి. 1902లో ఫ్రాన్సులో వెర్నాయ్ అనే ఆయన కెంపును మంటలోనే తయారుచేసే పద్ధతి ప్రకటించాడు. పదేళ్లు తిరక్కముందే నీలమూ వచ్చింది. పదార్థం అదే, ధర బాగా తక్కువ. కానీ శనికి భూమిలో పుట్టిందే కావాలట. గనిలో దొరికినవాటిని రంగు తేలేదాకా కాల్చి అమ్మితే మాత్రం ఆయనకు అభ్యంతరం లేదు.

ఇక్కడే నాకు ఒళ్లు మండుతుంది. అదే అల్యూమినియం ఆక్సైడ్‌ను సన్నటి రంధ్రాల గుళికలుగా చేసి ఫిల్టర్‌లో పోస్తే నీళ్లలోని ఫ్లోరైడ్‌ను పట్టేస్తుంది. వేలికి పెడితే పైసలను పట్టేస్తుంది. నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి వాళ్లు పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతి కనిపెడితే, దానికి ప్రపంచమంతా మా జిల్లా పేరే పెట్టుకుంది. నల్గొండ టెక్నిక్! పేరు పుస్తకాల్లోకి ఎక్కింది, ఎముకలు మావి వంగాయి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబితే, అది దాటిన బోర్ల నీళ్లే తాగి మా పిల్లల పళ్లు గారపట్టాయి. నడుములు విల్లులయ్యాయి. ఇది ఏ గ్రహం పని? మాకు కలిసిరావాల్సిన రాయి ఒకటే, 1955 డిసెంబర్ 10న నాగార్జునసాగర్‌కు వేసిన పునాదిరాయి. సాగర్ మా జిల్లాలోనే ఉంది. ఆ నీళ్లు మా మెట్టకు ఎక్కడానికి శని ఎన్ని చుట్లు తిరిగాడో లెక్కేసుకోండి.

మోకాళ్లు ఇంకా వంగలేదు. జాతకాలాయనను అడిగితే, వాపసు కుదరదు, రాయి మార్చి గోమేధికం ఇస్తానన్నాడు, పైన కొంత కలపాలట.

"బర్రెనే మార్చి ఇయ్యమను" అంటోంది చిన్నమ్మ.