సవరణ: పికప్ ట్రక్కుకు లిఫ్ట్, పెద్ద టైర్ల ఎంపిక గురించి

రోజూ నడిపే పికప్‌కు రెండు అంగుళాల లిఫ్ట్ (బండి ఎత్తు పెంచే అమరిక), 33 అంగుళాల వ్యాసమున్న టైర్లు చాలునన్న మునుపటి టపాలోని మాటను, బండి అడుగుభాగమంతా ఆ మేరకు పైకి లేస్తుందని కొందరు అర్థం చేసుకున్నందున ఈ వివరణ ఇస్తున్నాను. స్ప్రింగుల వద్ద ఎత్తు పెంచే సస్పెన్షన్ లిఫ్ట్ ఛాసీని (బండి చట్రాన్ని), దానిపైనున్న బాడీని పైకెత్తుతుంది. వెనుక ఇరుసు మధ్య వేలాడే డిఫరెన్షియల్‌ను (ఇంజిన్ శక్తిని రెండు చక్రాలకు పంచే గేర్ల పెట్టెను) నేలకు దూరం చేసేది మాత్రం టైరే, అదీ వ్యాసంలో పెరిగినదానిలో సగం మేరకే. అంటే 31 అంగుళాల టైర్లు తీసి 33 వేస్తే అక్కడ దక్కేది ఒక్క అంగుళం.

ఆ మార్పు తర్వాత స్పీడోమీటరును సరిచేయించకపోతే, అది గంటకు 100 కిలోమీటర్లు చూపుతున్నప్పుడు బండి నిజానికి సుమారు 106 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటుంది. పెద్ద టైరు బరువు కూడా ఎక్కువ కనుక పికప్ మందగిస్తుంది, ఆగడానికి దూరం పెరగవచ్చు, ఇంధనం ఎక్కువ ఖర్చవుతుంది. రోజూ నడిపేవారికి ఇది చిన్న విషయం కాదు.

ముందువైపు స్ట్రట్‌పై (స్ప్రింగు, షాక్ అబ్సార్బర్ కలిసిన భాగంపై) స్పేసర్ అనే దిమ్మ పెట్టి ఎత్తు పెంచడం చవకైన మార్గమే అయినా, ఎత్తు పెరిగేకొద్దీ చక్రాలకు శక్తినందించే ఇరుసు కీళ్లయిన సీవీ జాయింట్లు ఎక్కువ కోణంలో తిరిగి త్వరగా అరుగుతాయి. ఏ లిఫ్ట్ వేసినా వీల్ అలైన్‌మెంట్ చేయించాలి, ఎదుటివారి కళ్లలో పడకుండా హెడ్‌లైట్లను దించాలి. ప్రయాణమంతా తారురోడ్డు మీదే అయితే లిఫ్ట్ లేకుండా, చక్రపు గూటిలో రాసుకోని పక్షంలో, ఒక్క సైజు పెద్ద టైరుతో ఆగడమే మేలని నా అభిప్రాయం.