గడ్డి మందు అంటే ఏ మందు?

ఆదోని, పత్తికొండ వైపు పత్తి చేలో మందు కొడుతూ కళ్లు తిరిగి పడిపోయిన మనిషిని కర్నూలు పెద్దాసుపత్రికి తెస్తే డాక్టరు ముందు అడిగేది ఒకటే, ఏ మందు అని. మన దగ్గరుండే జవాబు "పురుగు మందు సార్", కాకపోతే "గడ్డి మందు".

ఆ జవాబుతో వైద్యం చేయడం చాలా కష్టం. గడ్డి మందు గ్లైఫోసేట్ కావొచ్చు, పారాక్వాట్ కావొచ్చు. పారాక్వాట్ ఊపిరితిత్తుల్లో పేరుకుంటుంది, అవసరం లేకుండా ఆక్సిజన్ పెడితే నష్టం ఇంకా పెరుగుతుంది, విరుగుడు లేదు. పురుగు మందుల్లోనూ ఇదే గొడవ. మోనోక్రోటోఫాస్, క్లోరిపైరిఫాస్ లాంటివి నరాల పనిని అదుపులో ఉంచే ఎంజైమును ఆపేస్తాయి కాబట్టి సొంగ కారుతుంది, చెమటలు పడతాయి, కంటిపాపలు చిన్నవైపోతాయి, వాటికి అట్రోపిన్ ఇస్తారు. పైరెథ్రాయిడ్ అనే ఇంకో రకం పురుగు మందు అయితే వైద్యం దారి వేరు.

డబ్బా మీద ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ త్రికోణాలు ఉన్నాయి కదా అంటారు. అవి ఎంత మోతాదులో విషమో చెబుతాయి, అంతే. లోపల ఏముందో, వైద్యం ఉందో లేదో రంగు చెప్పదు.

మాస్కు వేసుకోలేదని రైతునే తిట్టడం నాకు అస్సలు నచ్చదు, మన ఎండలో అది కట్టుకుని పది ట్యాంకులు కొట్టి చూస్తే తెలుస్తుంది. అంగట్లో రెండు మూడు మందులు కలిపి కొట్టమని చెప్పి, బిల్లు కూడా ఇవ్వకుండా పంపడం అసలు తప్పు. బిల్లు ఇవ్వాలని 1971 నాటి పురుగుమందుల నిబంధనల్లోనే ఉంది. ఆ బిల్లు మీద కంపెనీ పెట్టిన పేరుతో పాటు మందు అసలు పేరు కూడా తెలుగులో పెద్దక్షరాలతో ఉండాలని నేనంటాను. దీనికి పెద్ద ఖర్చేం కాదు.

అప్పటిదాకా, మందు కలిపే ముందు డబ్బాలన్నిటికీ ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోండి. మనిషి పడిపోతే ఆ బట్టలు విప్పేసి, ఒళ్లు సబ్బుతో కడిగి, డబ్బాతో సహా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఉప్పు నీళ్లు తాగించి కక్కించొద్దు, అది ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకో ప్రమాదం. ఢిల్లీ ఎయిమ్స్‌లోని విష సమాచార కేంద్రం నంబరు 1800 116 117, ఉచితం.

ఇంకో మాట. ఆర్గానోఫాస్ఫేట్ (పైన చెప్పిన మోనోక్రోటోఫాస్, క్లోరిపైరిఫాస్ రకం మందులు) కేసుల్లో మనిషి కోలుకుని మాట్లాడుతున్నాడు కదా అని మరుసటి రోజే ఇంటికి తీసుకెళ్లిపోతుంటారు. ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య మెడ కండరాలు పట్టు తప్పి, ఊపిరి ఆగిపోయే ప్రమాదం ఉంది. మెడ ఎత్తలేకపోతున్నాడంటే వెంటనే నర్సును పిలవండి, డాక్టరు చెప్పేదాకా డిశ్చార్జి అడగొద్దు.