మెయిన్ రోడ్డు వరకు వెళ్లి ఆగిన జాగిలం

విశాఖపట్నంలో ఏ పేటలో ఇల్లు దోచుకున్నా మరునాటి జిల్లా పేజీలో ఒక వాక్యం తప్పనిసరిగా అచ్చవుతుంది. "పోలీసు జాగిలం సంఘటన స్థలం నుంచి బయలుదేరి మెయిన్ రోడ్డు వరకు వెళ్లి ఆగిపోయింది." పేట పేరు మారుతుంది, పోయిన బంగారం ఎన్ని తులాలన్నది మారుతుంది, ఈ వాక్యం మాత్రం మారదు. గాజువాకలోనైనా అంతే, మధురవాడలోనైనా అంతే. ఈ వాక్యాన్ని ఏళ్ల తరబడి శ్రద్ధగా చదువుతూ వచ్చిన పాఠకుడిగా నేను ఒక నిర్ణయానికి వచ్చాను. ఈ నగరపు దొంగలందరూ మెయిన్ రోడ్డు మీదనే కాపురం ఉంటున్నారు. అక్కడ అద్దెకు ఇల్లు దొరకనివారు గాలిలో కలిసిపోతున్నారు.

మన సంప్రదాయంలో తొలి పోలీసు జాగిలం సరమ. పణులనే దొంగలు ఆవులను తోలుకుపోయి కొండలో దాచినప్పుడు, ఇంద్రుడు పంపగా సరమ జాడ పట్టుకుని, రసా నదిని దాటి, నేరుగా దొంగల ఎదుటికి వెళ్లి నిలబడింది. వాళ్లు చెల్లెలా అని పిలిచి ఆవుల్లో వాటా ఇస్తామని ఆశపెట్టినా లొంగలేదు. ఈ కథలో నన్ను ఆకట్టుకునేది సరమ ముక్కు కాదు, ఇంద్రుడి నడవడి. ఆయన సరమ మెడకు గొలుసు తగిలించి రెండో కొసను తన చేతిలో ఉంచుకోలేదు. సరమ రావడానికి ముందే దేవలోకమంతా ఆ పశువుల సాలలోకి దూరి, అయ్యో పాపం అనుకుంటూ కలయదిరిగినట్టు కూడా ఎవరూ చెప్పలేదు. ఈ రెండు సౌకర్యాలూ మన జాగిలాలకు లేవు.

సీతమ్మధారలో మా అపార్ట్‌మెంటు సంఘానికి కార్యదర్శిని కాబట్టి ఈ విషయంలో నాకు ప్రత్యక్షానుభవం ఉంది. చందనోత్సవం ముందు రోజు రాత్రి, మా రెండో అంతస్తు వారు సింహాచలం అప్పన్న నిజరూప దర్శనం కోసం క్యూలో నిలబడటానికి వెళ్లారు. మరునాడు తిరిగి వచ్చేసరికి గొళ్లెం విరిగి ఉంది, బీరువా తెరిచి ఉంది. జాగిలం వచ్చేవరకు ఎవరూ లోపలికి వెళ్లకూడదని పోలీసులు ఫోనులోనే చెప్పారు. ఆ ఆదేశాన్ని మేము అక్షరాలా పాటించాము. ఎవరూ లోపలికి వెళ్లకుండా చూడవలసిన బాధ్యత ఉన్నవారు మాత్రమే లోపలికి వెళ్లారు. కార్యదర్శిగా ముందు నేను, లెక్కల బాధ్యత ఉంది కాబట్టి కోశాధికారి, తన తప్పేమీ లేదని నిరూపించుకోవడానికి వాచ్‌మన్, మర్యాదపూర్వకంగా పక్క అపార్ట్‌మెంటు కార్యదర్శి, అందరికీ కాఫీ పట్టుకుని పై అంతస్తు పిన్నిగారు వెళ్లాము. ఇస్త్రీ అబ్బాయి ఎందుకు వచ్చాడో ఇప్పటికీ తెలియదు. పోలీసులు వచ్చే సమయానికి ఇల్లు ఇలా ఉంటే ఏమనుకుంటారని ఆ ఇల్లాలు ఫినాయిలు వేసి తుడిపించి, దేవుడి దగ్గర సాంబ్రాణి కూడా వెలిగించింది. అప్పటికి ఎండ నడినెత్తికి చేరింది.

ఇక్కడ ముక్కు సంగతి కొంచెం చెప్పాలి. వాసనను గుర్తించే గ్రాహకాలు మనిషికి సుమారు 60 లక్షలైతే కుక్కకు 20 నుంచి 30 కోట్ల వరకు ఉంటాయని లెక్క. మనిషి నడిచిన దారిలో అతని ఒంటి నుంచి రాలిన చర్మపు పొట్టు, చెమట, నలిగిన గడ్డి, కదిలిన మట్టి అన్నీ కలిసి ఒక వాసనల తోవ ఏర్పడుతుంది. చల్లని, తేమగల నేల మీద అది కొంతకాలం నిలుస్తుంది. కాలిన తారు మీద, వందల బళ్లు తిరిగే చోట ఎంతోసేపు నిలవదు. పైగా కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పడమే దానికి ప్రధానంగా తెలిసిన చల్లబడే మార్గం. రొప్పుతున్న కుక్క సరిగా వాసన చూడలేదు. అంటే మే నెల విశాఖ ఉక్కపోతలో మిట్టమధ్యాహ్నం జాగిలాన్ని దింపడమంటే, సంగీత విద్వాంసుణ్ణి పరుగు పందెంలో పరుగెత్తించి, గీత దాటగానే రాగాలాపన చేయమనడం.

ఆ జాగిలం తన వంతు మర్యాద చేసింది. గదులు చూసింది, ఫినాయిలు దగ్గర తుమ్మింది, నా పంచె అంచును ఉండవలసినంతకన్నా ఎక్కువసేపు పరీక్షించింది (నేను నవ్వాను, నవ్వు నేరం కాదు), మెట్లు దిగింది, ఇడ్లీ బండి ముందు ఒక్క క్షణం ఆలోచనలో పడింది, మెయిన్ రోడ్డుకు చేరి, తారు చురుక్కుమనగానే ఆగింది. "ఇక్కడి నుంచి ఆటో ఎక్కేసి ఉంటాడు సార్" అని మా వాచ్‌మన్ తేల్చాడు. అందరం తలలూపాము. కుక్క నిజానికి ఏమన్నదో ఎవరికీ తెలియదు. కాలు కాలిందన్నదేమో, దాహమన్నదేమో, ఇన్ని కాఫీ కప్పుల మధ్య ఇంతకన్నా నా వల్ల కాదన్నదేమో. దాని మౌనానికి అనువాదం చేసింది గొలుసుకు ఇటువైపు ఉన్నవారమే.

అలాగని కుక్క నాసిరకమని అనుకోవద్దు. మన దేశంలో పోలీసు కుక్క ఎంపిక చాలా ఉద్యోగాల ఎంపిక కన్నా కఠినమైనది. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, ఈ మధ్య బాగా పేరు తెచ్చుకున్న బెల్జియన్ మాలినోయ్ పిల్లలను నెలల వయసులోనే పరీక్షకు పెడతారు. బంతి విసిరితే వెంటపడుతుందా, గడ్డిలో పడి కనబడకుండా పోయినా వెతుకుతూనే ఉంటుందా, వెతకడం ఎంతసేపటికి మానేస్తుంది అని చూస్తారు. నున్నని గచ్చు మీద, ఇనుప మెట్ల మీద, చీకటి గదిలో, పెద్ద చప్పుడు మధ్య బెదురుతుందేమో గమనిస్తారు. తుంటి కీలు వదులుగా ఉందేమోనని ఎక్స్‌రే తీస్తారు. అప్పుడు గానీ గ్వాలియర్ దగ్గర టేకన్‌పూర్‌లో సరిహద్దు భద్రతా దళం వారి జాతీయ కేంద్రం వంటి చోట నెలల తరబడి తర్ఫీదు మొదలుకాదు. గొలుసు రెండో కొసను పట్టుకోవలసిన మనిషికి కూడా తర్ఫీదు ఉంటుంది, నిజమే. కానీ పట్టుదల ఎంతసేపని, చప్పుడుకు బెదురుతాడా అని, ముఖ్యంగా పైఅధికారి వెనుక నిలబడి "ఏమైంది, ఇంకా దొరకలేదా?" అని గద్దించినప్పుడు ఆ మనిషి చెయ్యి వణుకుతుందా లేదా అని ఎక్కడా బంతి విసిరి చూడరు. గద్దించేవారి తుంటికి ఎక్స్‌రే తీసిన దాఖలా అసలే లేదు.

చెయ్యి వణకడం చిన్న విషయం కాదు. అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్ పరిశోధకులు 2011లో ఒక అధ్యయనం ప్రచురించారు. మాదకద్రవ్యాలు, పేలుడు పదార్థాలు పసిగట్టడంలో అనుభవమున్న 18 జంటలను, అంటే ఒక కుక్క, దాని మనిషి చొప్పున, ఒక చర్చి గదుల్లో వెతకమన్నారు. సరుకు ఉండవచ్చునని, కొన్ని చోట్ల ఎర్ర కాగితం గుర్తు కూడా ఉంటుందని మనుషులకు చెప్పారు. నిజానికి ఏ గదిలోనూ ఏ సరుకూ లేదు. కుక్కలను పరీక్షించడానికి సాసేజి ముక్కలు, టెన్నిస్ బంతులు మాత్రం కొన్ని చోట్ల దాచారు. మొత్తం 144 సార్లు వెతికితే, ఏమీ లేదని తేలినవి 21 మాత్రమే. మిగిలిన ప్రతిసారీ కనీసం ఒక్కచోటనైనా కుక్క పట్టేసిందని ఆ మనిషి ప్రకటించాడు. అన్నింటికన్నా గొప్ప విషయం ఏమిటంటే, సాసేజి దాచిన చోట్ల కన్నా ఎర్ర కాగితం అంటించిన చోట్లనే ఈ ప్రకటనలు ఎక్కువ వచ్చాయి. కుక్క మాంసాన్ని పట్టించుకోకుండా ఉండగలిగింది, యజమాని నమ్మకాన్ని పట్టించుకోకుండా ఉండలేకపోయింది. లంచానికి లొంగక, పైవారి ఇష్టానికి మాత్రం లొంగే ఉద్యోగిని ఏమని పిలవాలో నాకు తెలియడం లేదు. మనకు ఇంతకాలం తెలిసిన రకాలు రెండింటికీ లొంగేవారే.

ఈ రోగానికి మందు ఉంది, అది ఖరీదైనది కూడా కాదు. సరుకు ఎక్కడ దాచారో కుక్కతో వెళ్లే మనిషికే కాదు, పక్కన నిలబడి చూసేవారికి కూడా తెలియకుండా పరీక్ష పెట్టాలి. అసలేమీ దాచని గదుల్లోకి తరచుగా పంపి, ఏమీ లేదని చెప్పిన కుక్కను మెచ్చుకోవాలి. ఎన్నిసార్లు పట్టింది, ఎన్నిసార్లు తప్పు చెప్పింది అన్నది ఒక పుస్తకంలో రాసిపెట్టాలి. మన కచేరీల్లో ఈ మందు ఎంతవరకు మింగుడుపడుతుందన్నదే సమస్య. ఏమీ దొరకలేదని వచ్చిన కుక్కను మెచ్చుకోవడమంటే, ఏమీ దొరకలేదని వచ్చిన మనిషిని కూడా మెచ్చుకోవలసి వస్తుంది.

కోర్టులు మాత్రం కుక్కను ఎప్పుడో సరిగా అంచనా వేశాయి. కుక్క బోనెక్కి ప్రమాణం చేయలేదు, దాన్ని అడ్డుప్రశ్నలు అడగలేము, దాని తరఫున దాని మనిషి చెప్పేది విని చెప్పే మాటే అవుతుంది అన్న అభ్యంతరాలను సుప్రీంకోర్టు 1969లోనే ఒక తీర్పులో ప్రస్తావించింది. 2001లో మన ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్లిన ఒక కేసులో, దర్యాప్తులో కుక్క సాయం తీసుకోవడాన్ని తప్పుపట్టలేమంటూనే, న్యాయస్థానాలు దాని సాక్ష్యం గురించి పెద్దగా పట్టించుకోనక్కరలేదని తేల్చింది. ఈ తీర్పుల ప్రతులు మా వీధిలోకి ఇంకా చేరలేదు. జాగిలం ఇస్త్రీ అబ్బాయి కాలు కూడా వాసన చూసింది. ఆనాటి నుంచి మా అపార్ట్‌మెంటులో ముగ్గురు అతనికి బట్టలు వేయడం మానేశారు. నా పంచె సంగతి మాత్రం, కార్యదర్శిని కాబట్టి, మినిట్స్‌లోకి ఎక్కలేదు.

విశాఖ జాగిలానికి దొంగల కన్నా పెద్ద బరువు గంజాయి. మన్యం నుంచి దిగే సరుకుకు ఈ నగరపు రైల్వే స్టేషను, బస్సు కాంప్లెక్సు పెద్ద దర్వాజాలు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర పోలీసులు సుమారు 2 లక్షల కిలోల గంజాయిని కుప్పపోసి తగలబెట్టారు. ఆనాడు జాడ తీయడానికి 30 కోట్ల గ్రాహకాల అవసరం ఎవరికీ కలిగి ఉండదు, మన 60 లక్షలే చాలు. మామూలు రోజుల్లో మాత్రం సరుకు పాలిథిన్ పొరల్లో, గోధుమరంగు టేపు చుట్టలో, బట్టల సంచి అడుగున ఉంటుంది. ఇక్కడ తర్ఫీదులో ఒక చిన్న పొరపాటు చాలు. ప్రతిరోజూ ఒకే రకం కవరులో, ఒకే టేపు వేసి, ఒకే చేత్తో దాచిన పొట్లంతో నేర్పితే, కుక్క గంజాయిని నేర్చుకోదు, టేపును నేర్చుకుంటుంది. అప్పుడు గంజాయి సంచి హాయిగా రైలెక్కుతుంది. బెంగళూరులో ఉన్న కొడుకు కోసం తల్లి నూనె కారకుండా నాలుగు చుట్లు టేపు వేసి పంపిన ఆవకాయ జాడీ ముందు జాగిలం, సరుకు ఇదిగో అన్నట్టు బుద్ధిగా కూర్చుంటుంది. అందుకే మంచి శిక్షకులు ఖాళీ టేపు చుట్టలు, ఖాళీ కవర్లు, మిగతా ఘాటైన వాసనలు కూడా దాచి, వాటిని పట్టించుకోకూడదని నేర్పుతారు. ఫిషింగ్ హార్బరు దగ్గర ఎండుచేపల పక్కన పనిచేయవలసిన కుక్కకు ఈ రెండో పాఠం మొదటి పాఠం కన్నా ముఖ్యం.

బాంబులు వెతికే జాగిలాల పరిస్థితి మరీ తాత్వికమైనది. బీచ్ రోడ్డులో సభ జరిగితే వేదిక, పూలకుండీలు, మైకు పెట్టెలు అన్నీ చూస్తాయి. జీవితాంతం చూసినా నిజమైన బాంబు దొరకకపోవచ్చు, దొరకకూడదని మనందరి ప్రార్థన కూడా. కానీ ఎంత వెతికినా ఏమీ దొరకని కుక్కకు పని మీద మనసు విరిగిపోతుంది. అందుకని గొలుసు రెండో కొసను పట్టుకునే హ్యాండ్లర్లు మధ్యమధ్యలో తామే కొంచెం నమూనా సరుకు దాచి, దాని చేత కనిపెట్టించి, బంతి ఇచ్చి మురిపిస్తారు. తమరే దాచి, తమరే దొరికిందని ఆనందించే ఈ పద్ధతి కుక్కల శిక్షణలో పూర్తిగా శాస్త్రీయమైనది. ఇతర శాఖల్లో దీన్ని వారోత్సవాలంటారు.

మా దొంగ ఇంకా దొరకలేదు. విచారణ రోజున కానిస్టేబులు అడిగినప్పుడు అపార్ట్‌మెంటు వాళ్లందరూ ఏకకంఠంతో చెప్పిన మాట ఒక్కటే: "ఆ వీధి నల్లకుక్క రాత్రి రెండింటి నుంచి వెనక మెట్ల దగ్గర ఒకటే మొరుగుడండీ, కంటిమీద కునుకు లేదు." వెనక మెట్ల దగ్గరేనా అని ఎవరూ మళ్లీ అడగలేదు. నాకూ ఆ మొరుగుడు వినబడింది, కిటికీ తెరిచి ఒక చెప్పు విసిరాను కూడా. పోలీసు జాగిలం వచ్చినప్పుడు పనికి అడ్డమని నల్లకుక్కను కర్రతో తరిమాము. ఆ సాయంత్రం సంఘం అత్యవసర సమావేశంలో రెండు తీర్మానాలు ఆమోదించాము. మొదటిది డాగ్ స్క్వాడ్‌కు కృతజ్ఞతలు. రెండోది, రాత్రిళ్లు అకారణంగా మొరిగే కుక్క మీద కార్పొరేషన్‌కు ఫిర్యాదు. వాళ్లు వచ్చి పట్టుకెళ్లారు, పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేయించారు, 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం చెవికి గుర్తుగా గాటు పెట్టి ఎక్కడ పట్టుకున్నారో అక్కడే తెచ్చి వదిలారు. ఇప్పుడు అది వెనక మెట్ల దగ్గరే పడుకుంటుంది. అర్ధరాత్రి ఎవరైనా మెట్లెక్కితే తలెత్తి, ఒకసారి నా కిటికీ వైపు చూసి, మళ్లీ తల వాల్చేస్తుంది. రెండో చెప్పు ఇంకా కిటికీ దగ్గరే ఉంది.