ఎర్ర రేకుల మధ్య నల్ల కాయలు: ఆ మొక్క పేరు చెప్పి అమ్మండి

తిరుపతిలో చాలా నర్సరీల్లో ఇదే వరస. ఎర్ర రేకుల మధ్య నల్లగా మెరిసే కాయలున్న మొక్కను చూపించి పేరేంటని అడిగితే, "షో మొక్కక్కా, మిక్కీ మౌస్ అంటారు, బాగా పోతా ఉంది" అంటారు. అసలు పేరు, ఏ దేశపుది, కాయ నోట్లో పెట్టుకుంటే ఏమవుతుంది అని అడిగితే జవాబుండదు. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. పేరు తెలియని కాయ మొక్కను చిన్నపిల్లలున్న ఇంటికి ఎలా పంపుతారు?

ఆ మొక్క పేరు ఓక్నా. జనం ఎర్ర పువ్వు అనుకునేది నిజానికి పువ్వు కాదు. పువ్వు పసుపు రంగులో పూసి, త్వరగానే రాలిపోతుంది. దాని కింద ఉండే ఐదు రక్షక పత్రాలు మాత్రం రాలవు. మొదట ఆకుపచ్చగా ఉండి, కాయ ముదిరే కొద్దీ ఎర్రబడి వెనక్కి విచ్చుకుంటాయి. నడుమ ఎర్రగా ఉబ్బిన బుడిపె, దాని చుట్టూ అతికించినట్టు కాయలు. అవీ ముందు పచ్చగా ఉండి, తర్వాత నిగనిగలాడే నలుపుకి తిరుగుతాయి. ఒకే కొమ్మ మీద పచ్చ కాయ, నల్ల కాయ కలిసి కనిపిస్తాయి. దగ్గరికి వెళ్ళి చూడండి, చాలా అందంగా ఉంటుంది.

ఆకు ఒక్కటే ఫోటో తీసి యాప్‌లో పెడితే ఈ రోజు ఒక పేరు, రేపు ఇంకో పేరు వస్తుంది. ఆకు రెండు వైపులా, ఆకు అంచు, పసుపు పువ్వు, కాయ, అన్నీ ఫోటో తీయాలి. నర్సరీల్లో ఎక్కువగా దొరికేవి ఆఫ్రికా నుంచి వచ్చిన రకాలు. వాటిలో ఓక్నా సెర్రులాటా అనే రకం ఆకు సన్నగా ఉంటుంది, అంచు మీద వేలు పెట్టి రాస్తే రంపపు పళ్ళు తగులుతాయి, కొమ్మ మీద తెల్లటి చుక్కలు గరుగ్గా ఉంటాయి. కిర్కీ రకం ఆకు దానికంటే పెద్దది, వెడల్పుగా ఉంటుంది. అప్పటికీ అనుమానం తీరకపోతే పూత కొమ్మ పట్టుకుని ఎస్వీ యూనివర్సిటీ బోటనీ డిపార్ట్‌మెంట్ వాళ్ళను అడగండి.

ఇంత పట్టుదల ఎందుకంటారా? కంచెకు వేసే డురాంటా బంగారు రంగు కాయలు పిల్లల్ని పిలిచినట్టే ఉంటాయి, కానీ అవి విషం. గురివింద గింజ నమిలితే ప్రాణం మీదికి వస్తుంది. మొక్క అమ్మేటప్పుడు ఈ ముక్క చెప్పడానికి ఏం ఖర్చవుతుంది?

ఇంకో సంగతి. ఈ సెర్రులాటా ఆస్ట్రేలియాలో తోటల నుంచి అడవిలోకి పాకి కలుపు మొక్కగా మారింది. కాయలు తిన్న పిట్టలే విత్తనాలు మోసుకెళ్ళాయి. మన దగ్గర పికిలిపిట్టలకు కొదవలేదు, అలిపిరి నుంచి కొండ ఎంత దూరం? లంటానా అడవిని ఎలా ఆక్రమించిందో చూస్తూనే ఉన్నాం. అందుకే కొండ పక్కన ఇళ్ళున్నవాళ్ళు ఈ రకం వేయొద్దని నా గట్టి అభిప్రాయం.

మన శేషాచలం కొండల్లోనే ఓక్నా ఆబ్ట్యుసాటా అనే మన రకం ఉంది. ఎండాకాలం ముందు పసుపు పూలతో నిండిపోతుంది, తర్వాత అదే ఎరుపు, అదే నలుపు. అందంలో దేనికీ తీసిపోదు. అయినా నర్సరీల్లో నాకు ఎక్కడా కనిపించలేదు. అలాగని కొండెక్కి పీక్కురావద్దు. అది నేషనల్ పార్క్, కాయ కోసినా నేరమే. పైగా ఓక్నాలకు తల్లివేరు లోతుగా దిగుతుంది, పీకిన మొక్క బతకడం కష్టం. అటవీ శాఖ నర్సరీల్లోనే దీని నారు పెంచి, పేరు రాసిన చీటీ కట్టి అమ్మాలి. ఇదే నా డిమాండ్.

ఓక్నా పెంచాలనుకునేవాళ్ళు కాయ నల్లబడగానే గుజ్జు కడిగి, విత్తనం ఎండిపోకముందే నాటండి. నిల్వ చేస్తే మొలవదు. పొడవాటి కవర్లో ఎర్రమట్టి, ఆకు ఎరువు కలిపి పెట్టండి, నీళ్ళు నిలవకూడదు. మన ఎండలకు మొదటి వేసవి మధ్యాహ్నం నీడ తప్పనిసరి. పెరుగుదల చాలా నిదానం, పూతకు ఏళ్ళు పడుతుంది. కత్తిరించాలంటే కాయలు రాలాకే కత్తిరించండి.