ఫ్లోర్ కింద చేసే క్లీనింగ్ చిన్న పని కాదు తమ్మీ

శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ హ్యాంగర్ల (విమానాలు బాగుచేసే షెడ్లల్ల) స్ట్రక్చర్స్ పని, అంటే విమానం బాడీ రిపేర్ పని, చేయబట్టి పదకొండేండ్లు అయితుంది. ఇంటికి పోతే మా బావ ఇప్పటికీ అడుగుతడు, విమానం అల్యూమినియందాయె, దానికి తుప్పేంది అని. ఇనుము లెక్క ఎర్రగ రాదు బావా, తెల్లగ ముగ్గుపిండి లెక్క వస్తది, పెయింట్ కింద పొక్కు లేస్తది, గోరుతో గీకితే రాలుతది అంటే నమ్మడు.

మొన్న ఒక చెక్‌ల (విమానాన్ని ఆపి విప్పి చూసే తనిఖీల) వెనక గ్యాలీ, అంటే విమానంల వంటగది, తీసినం. ఏండ్ల సంది ఒలికిన చాయ్, కాఫీ, జ్యూస్ ప్యానెల్ సందులకెళ్లి దిగి ఫ్లోర్ బీమ్ మీద జిగటగ గడ్డకట్టింది, పక్కనే టాయిలెట్, ఆ తడి వేరే. టార్చ్ నేరుగ కొడితే అంత మంచిగనే ఉంది, ఏటవాలుగ కొట్టినంక బీమ్ అంచుకు చిన్న ఉబ్బు కనపడ్డది. పెయింట్ గీకితే లోపల మెటల్ వానకు తడిసిన పుస్తకం లెక్క పొరలు పొరలుగ విచ్చుకొని ఉంది, వేలుతో అంటే రేకులూడినయ్. దీన్నే ఎక్స్‌ఫోలియేషన్ అంటరు.

నా కోపం ఏడంటే, టైమ్ తక్కువుందంటే ఫస్ట్ కోత పడేది క్లీనింగ్‌కే. ఇదివరకు నేను చేసిన ఒక కాడ, పేరు వద్దు, పైన సారు "తుడిచి ప్రైమర్ కొట్టుండ్రి, వచ్చే చెక్‌ల చూద్దాం" అన్నడు. తడి లోపల పెట్టి పైన రంగేస్తే తుప్పు ఆగుతదా? మొత్తం గీకి తీయాలె, స్టీల్ వూల్ అస్సలు ముట్టొద్దు, ఆ ఇనుప రజను అల్యూమినియంల దిగితే అదే కొత్త తుప్పు పుట్టిస్తది. తీసినంక ఎంత మందం మిగిలిందో కొలవాలె, లిమిట్ దాటితే రిపేరో పార్ట్ మార్చుడో, దాటకపోతే అలోడైన్ (తుప్పు ఆపే కెమికల్ పూత), ప్రైమర్, సీలెంట్, ఆఖరికి తడిని దూరం పెట్టే కాంపౌండ్ స్ప్రే. ఇందుల ఏ ఒక్కటి ఎగ్గొట్టినా ముందు చేసిందంత వేస్ట్.

1988 ఏప్రిల్ 28 న హవాయిల అలోహా ఎయిర్‌లైన్స్ బోయింగ్ 737 విమానానికి 24 వేల అడుగుల మీద ముందు పైకప్పు ఊడిపోయింది, ఒక ఫ్లైట్ అటెండెంట్ పోయింది. ఉప్పుగాలి దీవుల నడుమ చిన్న చిన్న ట్రిప్పులతోనే 89,680 సార్లు ఎగిరిన విమానం అది. రేకులు ఒకదాని మీద ఒకటి వేసే జాయింట్ల జిగురు వదిలింది, తడి చేరింది, బరువంత రివెట్ల మీద పడి పగుళ్లు పాకినయ్. మెయింటెనెన్స్‌ల దాన్ని పట్టుకోలేకపోయిండ్రనే విచారణ రిపోర్ట్ తేల్చింది. ఎవరన్నా "చూద్దాం తియ్" అంటే నాకు ఈ సంగతే యాదికొస్తది.

ఇంకో మాట, హైదరాబాద్‌ల సముద్రమేది, తుప్పెట్ల వస్తది అంటరు. విమానం రాత్రి ఈడ పండుకుంటది గానీ పొద్దుగాల వైజాగ్, మధ్యాహ్నం చెన్నై పోయొస్తది. అదీగాక పైన చలికి రేకు సల్లబడి, లోపలున్న మనుషుల ఊపిరి తడి దాని మీద చెమట పడతది, ఇన్సులేషన్ నానుతది, నీళ్లన్నీ విమానం పొట్ట అడుగుకు దిగుతయ్, ఆడ డ్రెయిన్ హోల్ మూసుకపోతే నెలలు నెలలు నిలుస్తయ్.

నిన్న కొత్త ట్రెయినీ పిల్లగాడు విమానం పొట్ట కింద పండుకొని డ్రెయిన్ హోల్ పొడిచిండు, పీచు ఉండ ఊడంగనే అర మగ్గు నల్లనీళ్లు వాని చేతి మీద పడ్డయ్. తుడుచుకొని, టార్చ్ పట్టుకొని పక్క హోల్ కాడికి జరిగిండు.