ఆఖరి ఉమ్మడి ఆస్తి

అన్నదమ్ములు విడిపోయారు. పొలం పంచుకున్నారు. పెరట్లో అడ్డంగా గోడ లేచింది. గోడవారన ఉన్న కొబ్బరిచెట్టు ఎవరి వాటాదో తేలక కోర్టులో వాయిదాలు పడుతున్నాయి. ఇదంతా చూసి తెలుగునాట ఉమ్మడి కుటుంబం పోయిందని కంటతడి పెట్టేవారు కాస్త ఆగాలి. నాలుగు వానలు పడి ఊళ్లోకి కండ్లకలక రానివ్వండి. "అక్కా, ఆ కంటి చుక్కల సీసా ఓసారి ఇస్తావా?" అని గోడకు అటువైపు నుంచి చిన్నకోడలి గొంతు వినిపిస్తుంది. ఐదు మిల్లీలీటర్ల ఆ బుల్లి సీసా మన జాతికి మిగిలిన ఆఖరి ఉమ్మడి ఆస్తి. దాని మీద ఇంతవరకూ ఎవరూ కేసు వెయ్యలేదు.

సీసా కాపురం ఫ్రిజ్ మీద. స్టెబిలైజరు పక్కన, పాత కరెంటు బిల్లుల కింద. చల్లగా ఉంచమని పెట్టె మీద రాసి ఉన్న క్లోరాంఫెనికాల్ చుక్కలు ఆ వేడికి పైన ఉడుకుతుంటాయి. బయట ఉన్నా ఏమీ కాని మాక్సీఫ్లాక్సాసిన్ చుక్కలు మాత్రం లోపల కోడిగుడ్ల అరలో హాయిగా చల్లగా కూర్చుంటాయి. ఎప్పుడు తెరిచారని అడిగితే, బుజ్జిగాడి అన్నప్రాసనప్పుడని చెబుతారు. బుజ్జిగాడిప్పుడు రెండో తరగతి. "గడువు ఇంకా ఉందిగా!" అని సీసా తిప్పి చూపిస్తారు. ఆ తేదీ మూత విప్పని సీసాకి. విప్పాక దాని ఆయుష్షు నెల. కచ్చితంగా చెప్పాలంటే 28 రోజులు. ఆ తర్వాత సగం మిగిలినా పారెయ్యాల్సిందే. "డబ్బులు పోసి కొన్నదండీ!" అంటారా, కన్ను ఊరికే వచ్చింది కాబట్టి దాని సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ఇక ఆదివారం పొద్దున జరిగే కార్యక్రమం. బుజ్జిగాడు లేచేసరికి రెప్పలు అతుక్కుపోయి ఉంటాయి, మూలల్లో పచ్చటి పుసులు. బామ్మ నందివర్ధనం పువ్వుల కోసం పెరట్లోకి బయల్దేరుతుంది. ఎదురింటి పిన్నిగారు చనుబాలు పొయ్యమంటారు. తాతయ్య "వాడి కళ్లలోకి చూడకండి, అంటుకుంటుంది" అని ఆజ్ఞాపించి, వాడు ముఖం తుడుచుకున్న అదే తువ్వాలుతో తన ముఖం తుడుచుకుంటారు. బాబాయి ఇంట్లోనే చలవ కళ్లద్దాలు పెట్టేస్తాడు. చూపుతో అంటుకునే జబ్బు ఇంతవరకూ పుట్టలేదు. చేతులతో, తువ్వాలుతో, దిండు గలేబుతో వచ్చే జబ్బుకు నల్లద్దాలు పెట్టి దాక్కోవడం మనకే చెల్లింది.

అప్పుడు సీసా దిగుతుంది. కొత్తదైతే ముందు పిన్నీసు కోసం ఇల్లంతా గాలింపు. ఆ మూత లోపల చిన్న ముల్లుంటుంది, మూతను గట్టిగా బిగిస్తే కొనకు సన్నటి రంధ్రం అదే పడుతుంది, అందుకే కంపెనీవాడు ఆ ముల్లు పెట్టాడు. కానీ కంపెనీవాడికేం తెలుసు? అమ్మ జాకెట్టుకున్న పిన్నీసుతో పొడిస్తేనే మనకు తృప్తి. దాంతో రంధ్రం బావిలా తయారై, చుక్క పడాల్సిన చోట ధార పడుతుంది. పెదనాన్న అద్దం ముందు నిటారుగా నిలబడి, కన్ను గట్టిగా మూసుకుని, మూసిన రెప్ప మీద ఆరు చుక్కలు పోస్తారు. అయిదు బుగ్గ మీదుగా బనీను లోకి దిగుతాయి. కింది రెప్పలో పట్టేదే ఒక్క చుక్క. "చేదు గొంతులోకి దిగింది, మందు మంచి పవరున్నది!" అని ఆయన మెచ్చుకుంటారు. కన్నీటి గొట్టం ముక్కులోకి, అక్కణ్నుంచి గొంతులోకి పోతుంది. చేదు తగిలిందంటే మందు కంట్లో నిలవకుండా జారిపోయిందన్నమాట.

ఏడో చుక్కకు సీసా కొన వెంట్రుకలను తాకుతుంది. అసలు కథంతా ఇక్కడుంది. నొక్కి వదిలిన ప్లాస్టిక్ సీసా మళ్లీ ఉబ్బుతూ కొన దగ్గరున్నదాన్ని లోపలికి పీల్చుకుంటుంది. పెదనాన్న కన్నీరు, పుసి, ఆ పుసిలో ఉన్న సూక్ష్మజీవులు అన్నీ లోపలికి. ఆ తర్వాత బుజ్జిగాడి కుడి కన్ను, వాడి ఎడమ కన్ను, బాబాయి, గోడ దాటి చిన్నకోడలు. ప్రసాదం కూడా ఇంత న్యాయంగా పంచరు. సీసాలోకి సూడోమోనాస్ లాంటి మొండి బాక్టీరియా చేరితే ఏమవుతుందో అమెరికావాళ్లకు తెలుసు. తమిళనాడులో తయారైన కృత్రిమ కన్నీటి చుక్కలతో ముడిపడి అక్కడ ఆ బాక్టీరియా వ్యాపించినప్పుడు 2023 నాటి లెక్క 18 రాష్ట్రాల్లో 81 మంది. నలుగురు చనిపోయారు, నలుగురికి కన్ను తీసెయ్యాల్సి వచ్చింది.

వేసుకోవడానికి విద్యలేం అక్కర్లేదు. చేతులు సబ్బుతో కడగాలి. పుసులుంటే కాచి చల్లార్చిన నీళ్లలో ముంచిన దూదితో ముక్కు వైపు నుంచి బయటికి తుడిచి ఆ దూది పారెయ్యాలి, రెండో కంటికి వేరే దూది. తల వెనక్కి వాల్చి, కింది రెప్పను వేలితో లాగితే చిన్న జేబులా వస్తుంది. అందులో పైనుంచి, దేన్నీ తాకకుండా, ఒక్క చుక్క. మెల్లగా కన్ను మూసి, ముక్కు పక్క మూలను ఒకటి రెండు నిమిషాలు నొక్కి ఉంచితే మందు గొంతు యాత్రకు పోదు. రెండో రకం చుక్కలుంటే అయిదు నిమిషాలాగాలి, ఆయింట్‌మెంటు అన్నిటికన్నా చివర. మనిషికో సీసా, దాని మీద పెన్నుతో తెరిచిన తేదీ. కాంటాక్టు లెన్సులవాళ్లు తగ్గేదాకా లెన్సు ముట్టుకోకూడదు.

మూడో రోజుకు కన్ను తెల్లబడగానే "తగ్గిందిగా" అని ఆపేస్తారు. డాక్టరు వారం రాస్తే వారం వెయ్యాలి. మిగిలిన మందు మళ్లీ ఫ్రిజ్ మీదికి, పైఏటి పంటకు విత్తనాలు దాచినట్టు. పైగా పుసి తక్కువై నీళ్లే కారుతూ, గొంతునొప్పితో పాటు వచ్చే కండ్లకలక ఎక్కువగా వైరస్‌ది. దానికి యాంటీబయాటిక్ చుక్కలు పోసినా కుళాయి నీళ్లు పోసినా ఒకటే.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. మందుల షాపు దగ్గర మాత్రం నవ్వు రాదు. "కన్ను ఎర్రబడింది, చుక్కలివ్వండి" అంటే "తొందరగా తగ్గేది ఇస్తా" అని యాంటీబయాటిక్‌తో స్టెరాయిడ్ కలిపిన సీసా చేతిలో పెడతారు. చీటీ అడగరు. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని చెప్పే ఎర్ర గీత సీసా మీద ఉందేం అని కొనేవాడూ అడగడు. స్టెరాయిడ్ ఎరుపును నిజంగానే తగ్గిస్తుంది, ఒంట్లో జరిగే పోరాటాన్నే ఆపేసి. కోతల రోజుల్లో వరి ఆకు గీసుకుని, వడ్లగింజ ఎగిరి తగిలి ఎర్రబడిన కంట్లో చాలాసార్లు బూజు జాతి శిలీంధ్రం ఉంటుంది. యాంటీబయాటిక్ దాన్ని తాకను కూడా తాకదు, స్టెరాయిడ్ దానికి ఎరువు. నల్లగుడ్డు కరుగుతుంటే "ఎరుపు తగ్గింది కదా" అని వారం సంబరపడతారు. చివరికి నల్లగుడ్డు మీద మిగిలే తెల్ల మచ్చకు మన భాషలో 'పువ్వు' అని పేరు పెట్టుకున్నాం! కూలి డబ్బులతో సీసా కొన్న మనిషికి పువ్వు పూయించి పంపించడం ఏ వ్యాపారం? నలభై రూపాయల సరుకు అమ్ముకోవడానికి ఒకరి చూపా? డెక్సామెథసోన్, ప్రెడ్నిసొలోన్, లోటెప్రెడ్నాల్ స్టెరాయిడ్లు. పెట్టె మీద ఈ మూడింట్లో ఏ పేరున్నా కంటి డాక్టరు రాయకుండా వెయ్యొద్దు. నెలల తరబడి వేస్తే కంట్లో ఒత్తిడి పెరిగి నీటికాసులు, శుక్లం అదనం.

నొప్పి, వెలుతురు చూడలేకపోవడం, చూపు మసకబారడం, నల్లగుడ్డు మీద తెల్లచుక్క, పురిటిబిడ్డ కంట్లో పుసి... వీటిలో ఏదున్నా ఆదివారమని ఆగకుండా ఆ రోజే కంటి ఆస్పత్రికి వెళ్లాలి. వెళ్లేటప్పుడు ఇన్నాళ్లూ పోసిన సీసా కూడా పట్టుకెళ్లండి, ఏం వేశారని డాక్టరు అడుగుతారు. ఫ్రిజ్ మీద కనిపించకపోతే గోడకు అటువైపు అడగండి.