చంక దిగని ఫోనుబాబుకు

చిరంజీవి ఫోనుబాబుకు నెల్లూరు నుంచి మీ పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అందరం క్షేమమని రాయాలనే ఉంది గానీ, మణికట్లు ఒప్పుకోవడం లేదు.

ఏం నాయనా, నీకు నడకెప్పుడొస్తుంది? మా ఇంట్లో పిల్లకాయలంతా ఏడాది దాటేసరికి చంక దిగి వీధిన పడ్డారు. 2007లో ఐఫోనుగా వచ్చినప్పుడు 135 గ్రాములున్నావు. ఇప్పుడు పెద్దవాటిలో రెండొందలు దాటి, పైన కవరొకటి తొడుక్కుని, ఇంకా చేతుల్లోనే ఉండావు.

మా పిల్లోడికి బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన ఒకటే పోటు. డాక్టరు బొటనవేలు లోపలికి పెట్టి పిడికిలి బిగించమని, చేతిని చిటికెన వేలి వైపు వంచాడు. వాడు పెట్టిన కేకకు బయట టోకెన్లు తీసుకుని కూర్చున్నోళ్లు ఒక్కరూ తలెత్తలేదు. అందరి ఒళ్లోనూ నువ్వే కదా! బొటనవేలిని లాగే స్నాయువులు పోయే దారి బిగుసుకుపోయిందంట. 1895లోనే డీ క్వెర్వైన్ అనే స్విస్ డాక్టరు రాసిపెట్టిన జబ్బే. బిడ్డల్నెత్తుకునే బాలింతల్లో బాగా చూస్తామన్నాడు మా డాక్టరు. మావాడికి ఇంకా పెళ్లే కాలేదయ్యా! సంబంధాలు చూస్తా ఉండాం. బాలింత నొప్పని పెళ్లికూతురు వాళ్లకు ఎట్టా చెప్పేది?

స్పెయిన్‌లో ఒక డాక్టరమ్మ క్రిస్మస్ నాడు వాట్సాప్ పలకరింపులకు జవాబులిస్తా, 130 గ్రాముల నిన్ను ఆరు గంటలు మోసి రెండు మణికట్లూ పోగొట్టుకుంది. 2014లో లాన్సెట్ అనే డాక్టర్ల పత్రికలో దానికి 'వాట్సాపైటిస్' అని పేరు పెట్టారు. పాపం, అప్పటికామె నిండు గర్భిణి కూడా కాదు, ఏడో నెల. కడుపులో బిడ్డకంటే ముందు నిన్నెత్తుకుంది. మందేమో నొప్పి మాత్రలు, ఫోను అసలు ముట్టకపోవడం. మాత్రలు మా ట్రంకురోడ్డులో దొరుకుతాయి.

మీ పెదనాయన వెల్లకిలా పడుకుని, మోచేతులు మడిచి నిన్ను మొహానికెదురుగా పట్టుకుంటాడు. మోచేతి దగ్గర నరం నలిగి ఉంగరపు వేలు, చిటికెన వేలు తిమ్మిరెక్కితే, పక్షవాతమని చెన్నైకి బయల్దేరదీశాడు.

ఉదయగిరిలో చెక్క గరిటెలు చెక్కే చేతులూ నొప్పి పుడతాయి. పొద్దుగూకేసరికి గరిటెలన్నా మిగులుతాయి. మావాడు రాత్రి రెండింటిదాకా నిన్ను రుద్దితే మైపాడు బీచిలో ఎవరో ఎగిరినదానికి ఒక లైకు పడింది.

ఇప్పుడు కుడిచేతికి పట్టీ వేసి కదిలించొద్దన్నారు. అంతెత్తు మగవాడికి చేపల పులుసన్నం నేనే కలిపి పెడతా ఉండా. చెయ్యి తగ్గాక చెయ్యాల్సిన వ్యాయామాల వీడియో డాక్టరు వాట్సాప్‌లోనే పంపాడు. చూడ్డానికని ఎడమ చేత్తో ఎత్తుకున్నాడు నిన్ను, ఇంకా దించలేదు.